మా ఇంట్లో టీఆర్పీ మీటరు: నా అనుభవం

మా టీవీ స్టాండు మీద రెండున్నరేళ్ల పాటు ఒక చిన్న డబ్బా ఉంది. ఎవరు ఏ ఛానల్ ఎంతసేపు చూస్తున్నారో లెక్కగట్టే మీటరు అది. 2025 ఫిబ్రవరిలో వచ్చి విప్పి తీసుకెళ్లిపోయారు. ఉన్నన్నాళ్లూ ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్పలేదు. ఇప్పుడు ఆ లెక్కలకీ మాకూ సంబంధం తెగిపోయింది కాబట్టి రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. గోదావరి జిల్లాల్లో ఓ మాదిరి పట్టణం అనుకోండి, చాలు. టీఆర్పీల మీద తలా ఒక మాట చెప్పేవాళ్లే గానీ, మీటరున్న ఇల్లు ఎలా నడుస్తుందో చెప్పినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు.

మొదలైంది 2022 ఫిబ్రవరిలో. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబుతో ఒకబ్బాయి మా వీధిలో ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. టీవీ సర్వే అన్నాడు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. చేతిలో పని ఆపకుండానే సమాధానాలు చెప్పాను. ఇంట్లో ఎందరు, ఎవరి వయసు ఎంత, టీవీలు ఎన్ని, కేబులా డిష్షా, అందరికన్నా ఎక్కువ సంపాదించేది ఎవరు, ఆయన ఎంతవరకు చదివారు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత సామాన్ల చిట్టా తీశాడు. కరెంటు ఉందా, సీలింగ్ ఫ్యాను, గ్యాసు పొయ్యి, కలర్ టీవీ, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, కంప్యూటరు, బండి, కారు, ఏసీ. చివర్న "వ్యవసాయ భూమి ఏమన్నా ఉందా మేడం?" అన్నాడు.

అరుగు మీద పేపరు చదువుకుంటున్న మామయ్యగారు లేచి లోపలికొచ్చేశారు. "టీవీ సర్వేకి భూమి గొడవెందుకు బాబూ?" మాకు ఊళ్లో అరెకరం ఉంది. అరెకరానికి ఎవరూ ఏమీ చెయ్యరని తెలుసు, అయినా బియ్యం కార్డున్న ఇంట్లో ఎవడొచ్చి ఆస్తులు అడిగినా గుండె జారుతుంది. పైగా నెలకి 300 యూనిట్ల కరెంటు దాటితే కార్డు ఎగిరిపోతుందన్న భయం మా వీధి మొత్తానికీ ఉంది. ఆ అబ్బాయి ఓపిగ్గానే చెప్పాడు. సంపాదించే మనిషి చదువేమిటి, ఆ పదకొండు వస్తువుల్లో ఎన్ని ఉన్నాయి, ఈ రెండింటిని బట్టి ఇంటికి ఒక తరగతి వేస్తారట. ఎన్‌సీసీఎస్ అంటారట దాన్ని. జీతం ఎంతో మాత్రం అడగలేదు. అడిగినా ఎవరు నిజం చెబుతారు! ఇంట్లో ఎవరైనా టీవీలో గానీ, పేపర్లో గానీ, యాడ్ కంపెనీలో గానీ చేస్తున్నారా అని కూడా అడిగాడు. చేస్తుంటే ఆ ఇంటిని తీసుకోరట. మా వారిది స్టేషనరీ కొట్టు అని చెబితే రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆర్నెల్లు చడీచప్పుడు లేదు. సర్వే సంగతే మర్చిపోయాం. ఆగస్టులో ఫోనొచ్చింది. మీ ఇల్లు ఎంపికైంది, మీటరు పెట్టడానికి ఒప్పుకుంటారా అని. మా వారికి చెబితే ముందు అడిగింది "ఓటీపీ ఏమన్నా చెప్పావా?" అని. రెండో మాట ముంబై గొడవ. 2020 అక్టోబరులో, మీటర్లున్న కొన్ని ఇళ్లకి డబ్బులిచ్చి ఫలానా ఛానళ్లు పెట్టించారంటూ ముంబై పోలీసులు కేసు పెట్టారు గుర్తుందా, ఆ దెబ్బకి ఈ లెక్కలు కట్టే బార్క్ అనే సంస్థ వాళ్లు న్యూస్ ఛానళ్ల రేటింగులే ఆపేశారు. మళ్లీ 2022 మార్చిలో గానీ మొదలుపెట్టలేదు. "మనకెందుకొచ్చిన తలనొప్పి, రేపు పోలీసులు మనింటికొస్తే?" అన్నారాయన.

వాళ్ల మనిషి స్వయంగా వచ్చాక కాస్త నెమ్మదించాం. కాగితం మీద రాసుంది: ఇది మన ఇష్టం, బలవంతం లేదు. వద్దనుకున్న రోజు తీసేయమనొచ్చు. మన పేరు, ఇల్లు ఛానళ్లకి చెప్పరు. మనమూ బయట చెప్పకూడదు. మేం కట్టాల్సింది ఏమీ లేదు, బ్యాంకు అకౌంటు నంబరు అడగలేదు. బార్క్ అంటే సర్కారీ ఆఫీసు కాదట, ఛానళ్లు, యాడ్లిచ్చే కంపెనీలు, యాడ్ ఏజెన్సీలు కలిసి పెట్టుకున్న సంస్థ. 2015 నుంచి ఈ లెక్కలు వాళ్లవే. ఇళ్ల దగ్గరికొచ్చి పని చూసుకునేది మాత్రం వేరే ఏజెన్సీ మనుషులు.

ఒక వారం ఇంట్లో తర్జనభర్జనలు. చివరికి తేల్చింది మామయ్యగారే. ఆయన పొద్దున లేస్తే న్యూస్, పడుకునే ముందు న్యూస్. "మనం చూసేది లెక్కలోకొస్తుందంటే వద్దంటావేంట్రా?" అని మా వారిని కసిరారు. సంతకం పెట్టేశాం.

బిగించడానికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. అరగంట పని అన్నారు గానీ మధ్యాహ్నం మొత్తం పట్టింది. టీవీ వెనక ఒకటే ప్లగ్గు, దానికి అప్పటికే టీవీ, డిష్ బాక్సు వేలాడుతున్నాయి. మీటరుకి ఇంకోటి కావాలి, అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. మా వారు కొట్టు మధ్యలో వదిలి ఎక్స్‌టెన్షన్ బోర్డు కొనుక్కొచ్చారు. ఎప్పుడూ ఆన్ అనగానే నాకు 300 యూనిట్లు గుర్తొచ్చాయి. ఫోన్ ఛార్జరంత కూడా లాగదు అన్నారు. తర్వాత బిల్లులు చూశాను, తేడా కనిపించలేదు.

టీవీ సౌండు మీటరుకి అందేలా వైరు కలిపారు. బొమ్మతో దానికి పని లేదు. ఛానల్ వాళ్లు ప్రసారం చేసే ముందే సౌండులో మన చెవికి వినపడని గుర్తు ఒకటి కలుపుతారట, వాటర్‌మార్క్ అంటారట. ఏ ఛానల్, ఏ టైము అన్నది అందులోనే ఉంటుంది. మీటరు దాన్ని పట్టుకుని, లోపలున్న సిమ్ ద్వారా వాళ్ల సర్వర్‌కి పంపేస్తుంది. అందుకే కేబులైనా డిష్షైనా దానికి ఒకటే. "మరి మేం మాట్లాడుకునేవి?" అని మా అమ్మాయి అడిగింది. ఆ గుర్తు తప్ప ఇంకేదీ తీసుకోదు అన్నారు. అయినా మొదట్లో కొన్నాళ్లు కొట్టు బాకీల గురించి మాట్లాడాల్సి వస్తే మా వారు వంటింట్లోకి వచ్చి మాట్లాడేవారు.

ఇక అసలు పని మాది. టీవీలో ఏం నడుస్తోందో మీటరుకి తెలుసు, ఎదురుగా ఎవరున్నారో దానికి తెలీదు. అందుకని వేరే రిమోటు ఇచ్చారు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బటను. చూడ్డానికి కూర్చుంటే నొక్కాలి, లేచి వెళ్తే మళ్లీ నొక్కాలి. నొక్కకపోతే డబ్బా మీద లైటు మిణుకు మిణుకుమంటూనే ఉంటుంది. మామయ్యగారు ఒకటి, అత్తయ్యగారు రెండు, మా వారు మూడు, నేను నాలుగు, అమ్మాయి ఐదు. రెండేళ్లు నిండిన పిల్లలకి కూడా బటను ఇస్తారట, మా ఇంట్లో ఆ వయసువాళ్లు లేరు. కాకినాడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అబ్బాయికి మాత్రం బటను ఇవ్వలేదు. ఇంట్లో ఉండడు కాబట్టి, వచ్చినప్పుడు గెస్టు బటను నొక్కి వయసు, మగా ఆడా కొట్టాలన్నారు. సంక్రాంతి సెలవులకి వచ్చి "నా ఇంట్లో నేనే గెస్టునా?" అని వాడు ఒకటే నవ్వు. నాకెందుకో నవ్వు రాలేదు.

చెబితే ఇదేం పని అనిపిస్తుంది, చేస్తే తెలుస్తుంది. వంట చేస్తూ మధ్యలో వచ్చి నిలబడి పది నిమిషాలు చూస్తాం, అది చూసినట్టా కాదా? గదిలో ఉండి చూడగలిగితే నొక్కాలన్నారు. పోపు మాడుతోందని పరుగెత్తేటప్పుడు బటను ఎవరికి గుర్తుంటుంది? మొదటి నెల రోజులూ ఏజెన్సీ అబ్బాయి ఫోను చేస్తూనే ఉన్నాడు. రాత్రి పదకొండింటి దాకా నాలుగో బటను ఆన్‌లో ఉంది, నిజంగా చూశారా మేడం? లేదు బాబూ, తొమ్మిదిన్నరకే పడుకున్నాను. అత్తయ్యగారికి అంకెలు సరిగా కనపడవు. రిమోటు పట్టుకుని తడుముకుంటూ మామయ్యగారి బటను నొక్కేసేవారు. ఒకరోజు చూస్తే ఆవిడే తన స్టిక్కరు బొట్ల అట్టలోంచి ఒక మెరూన్ బొట్టు తీసి రెండో బటను మీద అంటించుకున్నారు. అదీ ఉబ్బెత్తుగా, రాయి పొదిగిన రకం. చీకట్లో కూడా వేలికి తగులుతుంది. ఇక ఆవిడ లెక్క ఏనాడూ తప్పలేదు. వచ్చిన అబ్బాయి అది చూసి, ఈ ఉపాయం మిగతా ఇళ్లలో పెద్దవాళ్లకి కూడా చెబుతానన్నాడు.

అమ్మాయి బటను మాత్రం దాదాపు ఎప్పుడూ ఆఫే. దానికి కావాల్సిందంతా ఫోన్లోనే. అత్తయ్యగారు రాత్రి ఎనిమిదింటికి టీవీలో చూసే సీరియల్‌నే అది మర్నాడు కాలేజీ బస్సులో యాప్‌లో చూస్తుంది. మా మీటరు లెక్కలో అది రాదు. ఆ ఈడు పిల్లలంతా ఇంతే కదా, మరి వాళ్లు చూసేది ఎవరు లెక్కేస్తున్నట్టు అని నాకు చాలాసార్లు అనిపించింది.

నేను అనుకోని సంగతి ఇంకోటి, సిగ్గు. ఏం చూస్తున్నామో ఎక్కడో రాసుకుంటున్నారు అనేసరికి మొదట్లో అందరం పెద్దమనుషుల్లా ప్రవర్తించాం. మామయ్యగారు పొద్దున్నే భక్తి ఛానల్ పెట్టించేవారు. నేను రాత్రిపూట చూసే క్రైమ్ కథల ప్రోగ్రాము మానేశాను. ఇదంతా రెండు మూడు వారాల ముచ్చట. తర్వాత డబ్బా అక్కడుందన్న సంగతే మర్చిపోయి ఎవరి పాత అలవాట్లకి వాళ్లు వచ్చేశాం. బటను నొక్కడం మాత్రం చెయ్యి దానంతటది చేసేసేది.

అసలు చిక్కు 2023 చివర్లో వచ్చింది. లెక్కలు శనివారం నుంచి శుక్రవారం దాకా ఒక వారంగా కడతారు, ఫలితాలు తర్వాతి గురువారం వస్తాయి. బార్క్ సైట్లో భాషల వారీగా ముందున్న ఛానళ్లు, ప్రోగ్రాముల పట్టిక పెడతారు. గురువారం సాయంత్రం అమ్మాయి చేత అది చదివించుకోవడం అత్తయ్యగారికి వ్రతమైపోయింది. ఆవిడకి ప్రాణమైన సీరియల్ ఆ పట్టికలో ఎప్పుడూ ఉండేది కాదు. పైగా దాన్ని ఆపేస్తున్నారని అమ్మాయి ఎక్కడో చదివి చెప్పింది. అంతకుముందే ఇదే అమ్మాయి ఇంకో లెక్క కూడా వేసి చూపించింది. దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 21 కోట్లట, మీటరున్న ఇళ్లు దాదాపు 55 వేలు. అంటే మనింటి వెనక నాలుగు వేల ఇళ్లున్నట్టు. అచ్చంగా అలాగే కాదు, ఏ రకం ఇళ్లు ప్యానెల్లో, అంటే మీటరున్న ఇళ్ల గుంపులో, తక్కువుంటే వాటికి బరువు ఎక్కువ వేసి సరిచేస్తారట. ఆ రెండో ముక్క అత్తయ్యగారి చెవికెక్కలేదు. నాలుగు వేలు మాత్రం ఎక్కింది.

ఇక చూస్కోండి. మధ్యాహ్నం భోజనాలవగానే ఆ ఛానల్ పెట్టి, బొట్టున్న బటను నొక్కి, ఆవిడ పెరట్లోకి వెళ్లి మునగాకు దూసుకునేవారు. టీవీ దాని మానాన అది మోగుతుండేది. నేను మిషను చప్పుడులో ఉండి పట్టించుకోలేదు. మామయ్యగారు న్యూస్‌కి మారిస్తే ఊరుకునేవారు కాదు. "పాపం, ఆ పిల్ల కష్టాలు తీరకుండానే ఆపేస్తారట. మనం కాకపోతే ఎవరు చూస్తారు?" అనేవారు. ఆవిడ దృష్టిలో అది మోసం కాదు, పుణ్యం.

పది రోజులు తిరక్కుండానే ఏజెన్సీ అబ్బాయి ఇంటికొచ్చాడు. ఇన్నేసి గంటలు ఒకే ఛానల్, ఒకే బటను, మీ ఇంట్లో ఇంతకుముందు లేదు కదా మేడం అన్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది, ముంబై గొడవ మళ్లీ గుర్తొచ్చింది. అత్తయ్యగారు మాత్రం ఏ మాత్రం తొణక్కుండా జరిగిందంతా చెప్పేశారు. అతను నవ్వాపుకుంటూ "అమ్మమ్మగారూ, ఇలా ఉంటే మన ఇంటి లెక్కనే పక్కన పెట్టేస్తారండీ. అప్పుడు మీరు నిజంగా చూసింది కూడా పోతుంది" అన్నాడు. ఆ మాట పనిచేసింది. సంక్రాంతి వెళ్లాక సీరియల్ ఆగిపోయింది. ఆవిడ రెండ్రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఎవరికీ చెప్పకూడదన్న షరతు నిలబెట్టుకోవడం నేననుకున్నంత తేలిక కాదు. జాకెట్ల కొలతలకి వచ్చేవాళ్లంతా కూర్చునేది టీవీ ముందే. ఇంటర్నెట్ డబ్బా అని చెప్పేదాన్ని. మా ఆడపడుచుకి కూడా అదే చెప్పాను. ఆవిడ వైఫై పాస్‌వర్డ్ అడిగితే ఏం చెప్పాలో తెలీక రీచార్జ్ అయిపోయిందన్నాను. వాళ్లు కూర్చుని టీవీ చూస్తుంటే గెస్టు బటను నొక్కాలి, వయసు కొట్టాలి. మా ఆడపడుచు వయసు అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు, అత్తయ్యగారు గుర్తు చేసుకుని చెబితే కొట్టాం.

2024 ఎన్నికల ముందు ఒకతను వీధిలో ఆరా తీశాడు. ఏదో కంపెనీ పేరు చెప్పి, మీ వీధిలో ఎవరి టీవీకైనా డబ్బా బిగించారా అక్కా అని. ఎవరో ఏమిటో తెలీదు. లేదు బాబూ అని తలుపు దగ్గరే పంపేసి, వెంటనే ఏజెన్సీ అబ్బాయికి ఫోను చేశాను. లోపలికి రానివ్వకపోవడమే మంచిదైంది అన్నాడు. మళ్లీ ఆ మనిషి కనపడలేదు. మామయ్యగారు మాత్రం నెల్లాళ్లు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కాశారు.

అదే ఏడాది వానల్లో డిష్ పాడైతే కేబులు పెట్టించుకున్నాం. ఇలాంటివి ముందే చెప్పాలట. వైర్లు కదిలాయి కాబట్టి మళ్లీ మనిషి రావాలి, వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. కేబుల్‌తో ఇంకో తమాషా. బాక్సు ఆన్ చేస్తే చాలు, మేం పెట్టకుండానే ఒక న్యూస్ ఛానల్ వచ్చి కూర్చునేది. కరెంటు పోయి వచ్చినా అదే. మామయ్యగారికి ఆ ఛానల్ అంటే గిట్టదు. "మీటరు వాళ్లు నేను చూశాననుకుంటారు" అని ఆయన బాధ. దాన్ని ల్యాండింగ్ పేజీ అంటారని, ఛానళ్లు డబ్బు కట్టి ఆ చోటు కొనుక్కుంటాయని ఏజెన్సీ అబ్బాయి చెప్పాడు. రేటింగుల మీద నడిచే పెద్ద గొడవల్లో ఇదీ ఒకటట. అప్పట్నుంచి మామయ్యగారు ముందు టీవీ ఆన్ చేసి, తన ఛానల్ పెట్టుకున్నాకే ఒకటో బటను నొక్కేవారు.

డబ్బుల సంగతి అడుగుతారని తెలుసు. మాకు చేతికి ఒక్క రూపాయి ఇవ్వలేదు. బటన్లు సరిగా నొక్కితే నెలనెలా పాయింట్లు పడేవి. వాటితో సామాన్లు తీసుకోవచ్చు. రెండున్నరేళ్లలో ఒక కుక్కరు, ఒక దుప్పటి, కొన్ని ఫోను రీచార్జులు వచ్చాయి. మేం పెట్టిన ఖర్చు ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒక్కటే. ఐదుగురు మనుషులు రోజుకి పాతికసార్లు బటన్లు నొక్కినదానికి ఇది చాలా తక్కువే అని నా అభిప్రాయం. డబ్బు కోసమైతే ఒప్పుకోకండి. ఎక్కువ డబ్బిస్తే డబ్బు కోసమే చూసేవాళ్లు తయారవుతారు, అదీ నిజమే.

2025 జనవరిలో ఫోనొచ్చింది. ఏటా పాతిక శాతం ఇళ్లు మార్చాలన్నది రూలట, ఈసారి మీ ఇల్లు వెళ్తోంది అన్నారు. మామయ్యగారు ఇంకో ఏడాది ఉంచమని అడిగి చూశారు. కుదరదన్నారు. ఫిబ్రవరిలో ఒకతను వచ్చి అరగంటలో విప్పేశాడు. మీటరు, రిమోటు, వైర్లు లెక్క చూసుకుని రసీదు మీద నా చేత సంతకం పెట్టించుకున్నాడు. రిమోటు మీద బొట్టు గీకబోతే అత్తయ్యగారు "ఉండనీ బాబూ, తర్వాత వాళ్లింట్లో ఎవరికన్నా పనికొస్తుంది" అన్నారు. విప్పాక టీవీ సౌండు రాలేదు, వైరు ఒకటి వదులైంది. అతను గేటు దాటకముందే చూసుకున్నాం కాబట్టి సరిపోయింది. మీరూ మనిషి ఉండగానే టీవీ ఒకసారి ఆన్ చేసి చూసుకోండి.

మేమూ పెట్టించుకోవచ్చా, ఎక్కడ అప్లై చెయ్యాలి అంటారేమో. అప్లై చేసేది ఏమీ లేదు, సర్వేలోంచి వాళ్లే ఎంచుకుంటారు. డబ్బు కడితే ప్యానెల్లో చేర్పిస్తామని ఎవరైనా వస్తే నమ్మకండి. ఇంకో చిన్న విషయం, మీటరు తీసేశాక పాయింట్లు నెల రోజులే పనిచేస్తాయన్నారు. మావి కొన్ని మిగిలిపోతే ఆఖరి వారంలో మిక్సీ జారు తెప్పించుకున్నాం.